నిప్పు పెట్టారు

ఫోన్లో అమ్మాయి మంచి నెమ్మదస్తురాలు. "మేడమ్, ముందు మీరు కళ్ళారా చూసింది చెప్పండి. విన్నది తర్వాత. అనుకున్నది ఆఖర్న. మూడూ కలిపెయ్యకండి" అంది.

నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. డాబా మీద ఆరేసిన దుప్పట్ల మధ్య నక్కి, ఎవరైనా మెట్లెక్కి వస్తున్నారేమోనని ఒక చెవి అటు వేసి, రెండో చెవికి ఫోను నొక్కుకుని నిలబడి ఉన్నాను. ఈ పిల్లేమో నాకు పాఠం చెబుతోంది. అయినా అవసరం నాది కాబట్టి నోరు మూసుకున్నాను.

"మా సోఫాల షాపు వెనక స్టోరు తగలబడిందండీ. తగలబడ్డం కాదు, కావాలనే నిప్పు పెట్టారు. పెట్టి, ఆ నేరం మా పనాయన మీదకి తోసేస్తున్నారు."

"నిప్పు పెట్టడం మీరు చూశారా?"

"లేదు."

"అయితే అది అనుకున్నది. చూసిందేంటి?"

చూసింది చెప్పాను. మంటల్లో కాలిపోయాయని ఇన్సూరెన్సు వాళ్ళకి రాసిచ్చిన ఖరీదైన తోలు రోల్స్‌ని ఒకరి మేడ మీద గదిలో చూశాను. పైన పాత దుప్పటి కప్పారు. అంచు ఎత్తి చూస్తే సుద్దముక్కతో నేను గీసుకున్న కొలతలు అలాగే ఉన్నాయి. నా గీతలు నాకు తెలీవా?

"ఫోటో తీశారా?"

"భయమేసి దిగొచ్చేశాను."

"ఫర్లేదు. నిప్పు ఎవరు పెట్టారని మీ అనుమానం?"

ఇక్కడికొచ్చేసరికి నీళ్ళు నమిలాను. చివరికి ఎలాగో, "ఓనరు గారే పెట్టారు" అన్నాను. అవతల టకటకా టైపు కొట్టిన చప్పుడు వినిపించింది.

"మీ పేరు చెప్పనక్కర్లేదు మేడమ్. మీరు వాళ్ళకేమవుతారో కూడా చెప్పనక్కర్లేదు. కానీ మీరుగా వెళ్ళి ఆరాలు తియ్యొద్దు. వాళ్ళని నిలదియ్యొద్దు. ఇంట్లో ఎవరితోనూ అనొద్దు. ఇంకేమైనా తెలిస్తే ఈ నంబరు చెప్పి మాట్లాడండి" అని ఫిర్యాదు నంబరు ఇచ్చింది. కాగితం దొరక్క అరచేతి మీద రాసుకున్నాను. కిందకొచ్చి కంగార్లో గిన్నెలు తోమితే సగం నంబరు కొట్టుకుపోయింది. నా తెలివి అంత ఏడ్చింది.

ఆ ఓనరు గారు ఎవరో దాచడానికి ఇప్పుడింకేం మిగల్లేదు. మా బావగారే. మా ఆయనకి సొంత అన్నయ్య. షాపు అన్నదమ్ములిద్దరి పేర్న ఉన్నా, నడిపేది ఆయనే. బేరాలు, మాటలు, నవ్వులు బావగారివి. చెక్క కోసి ఫ్రేములు కొట్టేది మా ఆయన. కవర్లు కుట్టేది నేను. ఫ్రేములకి పాలిష్ పెట్టేది పాలిష్ బాబాయ్. బాబాయ్ మాకు చుట్టం కాదు, మా మామగారి రోజుల నుంచీ ఉన్న మనిషి. నోట్లో నాలుక లేదు. నేను కొత్తగా మిషను ముందు కూర్చున్నప్పుడు సూది విరగ్గొట్టినప్పుడల్లా, బావగారు చూడకముందే కొత్త సూది తెచ్చి నా పక్కన పెట్టి, ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయేవాడు.

షాపు సెలవు రోజున స్టోరు అంటుకుంది. లోపలంతా ఫోమ్. ఒక్కసారి రాజుకుంటే ఆపడం ఎవరి తరం? బాబాయ్ గది షాపు వెనక సందులోనే. పొగ ముందు చూసింది ఆయనే. జనం చేరేలోపు తాళం పగలగొట్టి, కాలుతున్న సామాను ఉత్త చేతుల్తో బయటికి లాగాడు. రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. పాలిష్ పెట్టేవాడికి చేతులే కదా ఆస్తి.

అలాంటి మనిషిని పట్టుకుని, మర్నాడు పోలీసుల ముందు మా బావగారు, "పాలిష్ తుడిచిన థిన్నర్ గుడ్డలు స్టోర్లో పడేసి, సిగరెట్టు పీక విసిరేసి పోయుంటాడు. వయసైపోయింది, మతిమరుపు. ఏం చేస్తాం" అన్నారు. అంటూ జాలిగా తల కూడా ఊపారు. ఆ తల ఊపడం చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ అప్పటికి నేను కూడా అది ప్రమాదమే అనుకున్నాను.

తర్వాత ఇస్త్రీపెట్టె అడగడానికి మా తోడికోడలు అక్క ఇంటికి వెళ్ళాను. "మేడ మీద గదిలో ఉంది, తెచ్చుకో" అంది అక్క. పాపం ఆవిడకేమీ తెలీదు. దుప్పటి కింద నా తోలు రోల్స్ కనిపించాయి. అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. సెలవుకి ముందు రోజు బావగారు పనిగట్టుకుని వచ్చి, "అమ్మాయ్, నీ మిషను సర్వీసింగుకి పంపిస్తాన్లే" అని స్టోర్లోంచి తీయించేశారు. అద్దాల షోరూము పెట్టాలని ఆయన చాన్నాళ్ళుగా కలలు కంటున్నారు. రెడీమేడ్ సోఫాలొచ్చి మా బేరాలు పడిపోయాయని ఆయన అనని రోజు లేదు.

మా ఆయన ఫోనుకి ఇన్సూరెన్సు కంపెనీ వాళ్ళ మెసేజి వచ్చింది, మీ క్లెయిము అందింది అని. దాని అడుగున, మోసం జరిగిందని అనుమానముంటే ఫలానా నంబరుకి చెప్పండి అని కూడా ఉంది. ఆ నంబరు అలా నా కంటబడింది.

అయినా వెంటనే ఫోన్ చెయ్యలేదు. కుటుంబం వీధిన పడుతుందేమోనని భయపడ్డాను. అన్నదమ్ములు విడిపోతారేమో, అక్క నా మొహం చూడదేమో అనుకున్నాను. బాబాయ్‌ని చూడ్డానికి వెళ్ళాకే నాకు తెగింపొచ్చింది.

బాబాయ్ మంచం మీద కూర్చుని, కట్లు కట్టిన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటున్నాడు. "పెద్దబాబు కాగితం రాయించి తెస్తానన్నాడమ్మా. సంతకం పెట్టెయ్యమన్నాడు. నా వల్లే జరిగిందని ఒప్పేసుకుంటే చిన్న కేసుతో పోతుందంట, మిగతాది తను చూసుకుంటాడంట" అన్నాడు.

"నువ్వు చెయ్యని పనికి సంతకమేంటి బాబాయ్?"

"చెయ్యలేదనే అనుకున్నా. రోజూ గుడ్డలు అంటుకోకుండా నీళ్ళ డబ్బాలో ముంచే వెళ్తాను కదా. కానీ ఆ రోజు ముంచానో లేదో... పెద్దబాబు అన్ని సార్లు చెబుతుంటే, నేనే పడేశానేమో అనిపిస్తోంది. నిద్రలో కూడా నేనే పడేస్తున్నట్టు కనిపిస్తోందమ్మా."

చేతులు పోగొట్టుకున్నది చాలక, ఈ మనిషి తన మీద తనకున్న నమ్మకం కూడా పోగొట్టుకుంటున్నాడు. సంతకం పెడితే కేసు, జైలు. పెట్టకపోతే బావగారికి కోపం. ఏదైనా బాబాయ్ నెత్తినే. అక్కణ్ణుంచి తిన్నగా ఇంటికొచ్చి డాబా ఎక్కాను. ఫోన్లో ఆ అమ్మాయితో మాట్లాడింది అప్పుడే.

ఫిర్యాదు చేశాక ఇన్సూరెన్సు ఆఫీసు నుంచి ఒకాయన వచ్చారు. ఇంతకుముందు నష్టం లెక్క కట్టడానికి వచ్చినాయన వేరు, ఈయన వేరు. బక్కపల్చగా ఉన్నారు, భుజానికి సంచీ, మాట మెత్తన. కాలిన స్టోర్లో మసిగోడల మధ్య అటూ ఇటూ తిరిగారు. మాడిపోయిన స్ప్రింగుల్ని కాలితో కదిపి చూశారు. నేను షాపులో, సర్వీసింగు నుంచి తిరిగొచ్చిన మిషను ముందు కూర్చుని, తెరిచి ఉన్న తలుపులోంచి చూస్తూ, కుట్టిందే కుడుతున్నాను.

బావగారు పక్కనే నిలబడి పూస గుచ్చినట్టు చెబుతున్నారు. మా ఆయన ఆ వెనక నిలబడ్డాడు. సార్ అంతా విని, సంచీలోంచి ఒక కాగితం తీశారు.

"మా ఆఫీసుకి ఒక ఫిర్యాదు వచ్చిందండీ. ఎవరు చేశారో మాకూ తెలీదు. అందులో ఇలా ఉంది. యజమానులే కావాలని నిప్పు పెట్టారు. ముందుగానే విలువైన సరుకు తరలించారు. మీరిద్దరూ దీనికేమంటారు?"

యజమానులు! నా కాలు మిషను పెడలు మీద బిగుసుకుపోయింది. నేను యజమానులు అని ఎప్పుడన్నాను?

అనలేదు. ఓనరు గారే పెట్టారు అన్నాను. పెట్టారు. ఆ అమ్మాయి ఏం చేస్తుంది పాపం? ఆమె ముందున్న పాలసీలో ఇద్దరి పేర్లున్నాయి. నేను పెట్టారు అన్నాను. తరలించారు అన్నాను. ఇద్దరనుకుని రాసుకుంది. మన భాషలో ఒకర్ని గౌరవించినా ఆ మాటే, పదిమందిని కలిపి చెప్పినా ఆ మాటే. కాపురానికొచ్చిన నాటి నుంచీ నేను బావగారిని వచ్చాడు, పోయాడు అని ఎరగను. ఆయన ఎదుట లేనప్పుడు కూడా అనలేదు. కొంప అంటించారని ఫిర్యాదు చేస్తూ కూడా ఆయనకి మర్యాద తగ్గకుండా చూసుకున్నాను, మహా ఇల్లాలిని! ఆ మర్యాద పోయి పోయి మా ఆయన మెడకి చుట్టుకుంది.

లేచి వెళ్ళి, సార్, ఒక్కరే సార్ అని అరవాలనిపించింది. అప్పుడే మా ఆయన మొహం చూశాను.

బావగారు మండిపడుతున్నారు. "ఎవడా చెప్పినవాడు? నా ముందుకి రమ్మనండి!" అంటూ ఊగిపోతున్నారు. మా ఆయనకి మాత్రం కోపం రాలేదు. తప్పుడు నింద పడిన మనిషికి కోపం రావాలి కదా? కనీసం ఆశ్చర్యమైనా రావాలి. మొహంలో నెత్తురు చుక్క లేకుండా, నేల చూపులు చూస్తూ, గుటకలు మింగుతున్నాడు.

సార్ షాపులోకొచ్చారు. నా బల్ల మీదున్న రెగ్జిన్ రోల్‌ని తట్టి, "అమ్మా, కుట్టేది మీరేనా? ఆ తోలు రోల్స్ దీనికంటే బరువుంటాయా?" అని అడిగారు.

"దీనికంటే చాలా బరువండీ."

"ఒక్క మనిషి ఎత్తగలడా?"

"ఎక్కడండీ! ఇద్దరుండాలి. అందులోనూ మెట్లెక్కించాలంటే..." అని ఠక్కున ఆగిపోయాను.

మెట్లని ఆయన అనలేదు, నేనే అన్నాను. సార్ నా వైపు ఒక్క క్షణం ఎక్కువ చూశారు, అంతే. ఏమీ రెట్టించలేదు. ఒక చిన్న కార్డు బల్ల మీద పెట్టి, "ఏమైనా గుర్తొస్తే రండమ్మా" అనేసి వెళ్ళిపోయారు. బావగారికి నడుంనొప్పి. బెల్టు లేకుండా కుర్చీలోంచి లేవరు. బరువైన పని అంటే మా ఆయన్నే పిలుస్తారు. మేడ మీద దుప్పటి కింద రోల్స్ చూసినప్పుడు, ఇవి ఎవరి భుజం మీద పైకొచ్చాయన్న ఆలోచనే నాకు రాలేదు. రానివ్వలేదేమో.

సార్ వీధి మలుపు తిరిగారో లేదో, బావగారు బల్ల మీద చరిచారు. "ఆ ముసలాడే! వాడే ఎవడితోనో ఫోన్ చేయించుంటాడు. ఇన్నాళ్ళు తిండి పెట్టినందుకు బుద్ధి చూపించాడు. రేపే కాగితం మీద సంతకం పెట్టిస్తాను. ఎలా పెట్టడో చూస్తా" అన్నారు.

నేను చేసిన ఫిర్యాదు ఆఖరికి బాబాయ్ పీకకే చుట్టుకుంది. అవమానంతో నాకు ఏడుపొచ్చింది. ఆరాలు తియ్యొద్దని ఫోన్లో అమ్మాయి చెప్పిన మాట గుర్తుంది. కానీ తీసుకున్న ఇస్త్రీపెట్టె తిరిగివ్వడం ఆరా కిందకి రాదు కదా. అక్క ఇంటికి వెళ్ళి మేడెక్కాను. గది ఖాళీగా ఉంది. నేల తడిగుడ్డతో తుడిచారు, ఇంకా ఆరలేదు. దుప్పటి మడతపెట్టి కిటికీలో ఉంది. ఇక ఫోటో లేదు, సరుకూ లేదు. నేను చూశానన్న మాట ఒక్కటే మిగిలింది. అది కూడా పేరు లేని మాట.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆయన వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు. ఎప్పుడూ లేనిది! తప్పు చేసిన మొగుళ్ళకి వంటింటి మీద ప్రేమ పుట్టుకొస్తుంది. ఎదురుగా పీట వేసుక్కూర్చున్నాను.

"ఏవండీ, రోల్స్ మేడ మీదకి ఎవరు మోశారు?"

చెయ్యి ఆగింది. తలెత్తలేదు. "ఏ రోల్స్?"

"నేనేమైనా పసిపిల్లనా? చూశాను నా కళ్ళతో."

బుగ్గల మీదుగా నీళ్ళు కారుతున్నాయి. ఉల్లిపాయలవో, ఆయనవో తెలీలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. సెలవుకి ముందు రోజు షాపు మూసే వేళకి, అన్నయ్య స్టోర్లో ఎలుకలు ఎక్కువయ్యాయి, మంచి సరుకు ఇంటికి చేర్చుదాం అన్నాడట. "ఎప్పుడూ ఆయన చెప్తే చేస్తాను. ఎందుకని ఎప్పుడడిగాను? మోశాను."

"నిప్పు సంగతి?"

"ఒట్టు, నాకు తెలీదే. మంటలు చూశాకే అర్థమైంది. అడిగాను కూడా. 'షోరూము మన పిల్లల కోసంరా, నోరు మూసుకో' అన్నాడు."

"మూసుకున్నారు."

"సొంత అన్నయ్యే! నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనే."

"మరి బాబాయ్ ఏమైపోవాలి?"

ఉల్లిపాయ ముక్కల్ని పళ్ళెంలో ఒక పక్కకి తోస్తూ కూర్చున్నాడు. అలా తోస్తూనే, ఉన్నట్టుండి చెయ్యి ఆపి, "ఫోన్ చేసింది నువ్వేనా?" అన్నాడు.

"నేనే."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని. పళ్ళెం పక్కన పెట్టి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "అయితే నువ్వే సరిచెయ్యాలి. ఆ ఆఫీసుకి వెళ్ళి, పెట్టారు అంటే మా బావగారొక్కరే అని చెప్పు. ఆయన ఏమవుతాడో అవనీ. నన్ను ఇందులోంచి తప్పించు. రోల్స్ సంగతి ఎత్తకు. నేను లోపలికి పోతే నీ గతేంటి, పిల్లల గతేంటి?"

నిజమే కదా, నా మొగుడు. పిల్లలు పక్క గదిలో ఏదో ఆట ఆడుకుంటూ గోల గోలగా నవ్వుతున్నారు. రోల్స్ సంగతి చెప్పకపోతే మా ఆయన బయటపడతాడు. కానీ రోల్స్ సంగతి లేకపోతే ఇక నా ఫిర్యాదులో మిగిలేదేమిటి? అనుకున్నది ఒక్కటే. అనుకున్నదాంతో బావగారిని ఎవరేం చేస్తారు? రేపు బాబాయ్ సంతకం పెడతాడు. ఆ రాత్రి పక్క మీద ఇద్దరం మెలకువగానే ఉన్నాం గానీ, ఒకరికొకరం నిద్ర నటించాం.

పొద్దున్నే కార్డు మీదున్న ఆఫీసుకి బయల్దేరాను. మా ఆయనే బండి మీద తీసుకెళ్ళాడు. దారిపొడుగునా, ఒక్కరే అని చెప్పు, ఒక్కరే అని చెప్పు అంటూనే ఉన్నాడు. ఆఫీసు వరండాలో బెంచీ ఉంటే దాని మీద కూలబడి, "లోపలికి నేనెందుకులే" అన్నాడు.

సార్ నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కూర్చోమన్నారు. "పేరు లేకుండా ఇచ్చిన ఫిర్యాదునీ చూస్తామమ్మా. కానీ దాని బలం దానికుంటుంది. పేరుతో చెబితే బలం వేరు. మేమైతే బయటపెట్టం. కోర్టు దాకా వెళ్తే మాత్రం మీరు చెప్పాల్సి రావచ్చు. ఆలోచించుకునే వచ్చారా?"

"వచ్చానండీ."

"ఫిర్యాదులో యజమానులు అని ఉంది. నిప్పు పెట్టారు అని ఉంది. ఒకరా, ఇద్దరా?"

కిటికీలోంచి వరండా బెంచీ కనిపిస్తోంది. మా ఆయన మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి కూర్చున్నాడు. వెనక నుంచి చూస్తే ముసలివాడిలా ఉన్నాడు. ఆ మనిషంటే నాకు ప్రాణం. ఆ మాట ఇక్కడ చెప్పకపోతే నేను అబద్ధం చెప్పినట్టే. ఒక్కరే సార్ అనేసి లేచిపోతే మధ్యాహ్నానికల్లా ఇంట్లో అన్నం వండుకుంటాం.

బాబాయ్ కూడా ఈపాటికి లేచి కూర్చుని ఉంటాడు. సంతకానికి కలం ఎలా పట్టుకోవాలా అని ఆ కట్లు చూసుకుంటూ ఉంటాడు.

"నిప్పు పెట్టింది ఒక్కడే. మా బావ. పెట్టాడు" అన్నాను. అన్నాక ఒళ్ళు జలదరించింది, ఎవరో చెంప మీద కొడతారన్నట్టు. ఎవరూ కొట్టలేదు. "కానీ అది నేను చూళ్ళేదు సార్. అది అనుకున్నది కిందే రాసుకోండి."

"సరే. చూసింది?"

"రోల్స్. మా బావ ఇంటి మేడ మీద. ఇప్పుడు అక్కడ లేవు."

"విన్నది?"

సార్ కలం పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

"రోల్స్ మోసింది ఇద్దరు. ఇది మోసినాయన నోటితో చెప్పగా విన్నాను. ఆయన మా ఆయనే. బయట బెంచీ మీద కూర్చున్నాడు. పిలవండి."

సార్ కలం కింద పెట్టి, "అమ్మా, ఆలోచించుకోండి" అన్నారు. ఆ గొంతులోని మెత్తదనానికి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "పిలవండి సార్, నేను మనసు మార్చుకునేలోపు పిలవండి" అన్నాను.

పిలిపించారు. మా ఆయన లోపలికొచ్చి, ముందు నా మొహం చూశాడు. చూడగానే తెలిసిపోయింది. కుర్చీ ఉన్నా కూర్చోలేదు. సార్ ప్రశ్న అడిగారు. షాపులో ఎవరేమడిగినా ముందు అన్నయ్య వైపు, అన్నయ్య లేకపోతే నా వైపు చూసి జవాబు చెప్పడం ఆయనకలవాటు. ఇప్పుడు కూడా చూశాడు. నేను తల వంచుకున్నాను. ఇది నేను చెప్పే జవాబు కాదు.

"మోశాను" అన్నాడు చివరికి. "ముందు వైపు నేను పట్టుకున్నాను. అన్నయ్య నడుముకి బెల్టు బిగించుకుని వెనక."

సార్ రాసుకుంటున్నారు. అక్కడితో అయిపోయిందనుకున్నాను. మా ఆయన ఎవరూ అడక్కుండానే, నెమ్మదిగా మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఇంకోటుందండీ. మేం రోల్స్ తియ్యడానికి స్టోర్లోకి వెళ్ళేటప్పటికి బాబాయ్ వెళ్ళిపోయాడు. వెనక గుమ్మం దగ్గర నీళ్ళ డబ్బా దారికి అడ్డముంటే నేనే జరిపాను. థిన్నర్ గుడ్డలు అందులోనే ఉన్నాయి. అన్నీ. నీళ్ళలో మునిగే ఉన్నాయి. లోపల ఒక్క గుడ్డ లేదు. అన్నయ్య కూడా చూశాడు."

నేను తలెత్తాను. ఇది నిన్న చెప్పలేదు. నిన్ననే కాదు, ఒక్క రోజు కూడా చెప్పలేదు. నేనే పడేశానేమోనని ఆ ముసలాయన నిద్రలో ఉలిక్కిపడుతున్నన్నాళ్ళూ ఈయనకి తెలుసు. పళ్ళు ఫలహారాలు పట్టుకుని చూడ్డానికి కూడా వెళ్ళాడు. మంచం పక్కనే కూర్చున్నాడు. కట్లు కట్టిన చేతుల్ని చూస్తూ, నీ తప్పేమీ లేదు బాబాయ్ అన్న ఒక్క మాట నోట్లోనే ఉంచుకుని, తిరిగొచ్చి, నా పక్కన పడుకున్నాడు. బాబాయ్ బయటపడతాడని నాకెంత సంతోషం కలిగిందో, ఈ మనిషిని చూసి అంత రోత పుట్టింది. రెండూ ఒకేసారి గొంతులోకొచ్చాయి.

"అది... ఆ మాట ముందు రాసుకోండి సార్" అన్నాను. "నా ఫిర్యాదు సంగతి తర్వాత. రాసి, మాకో కాపీ ఇవ్వండి."

"కాపీ ఎందుకమ్మా?"

"బాబాయ్‌కి చూపించాలి. సంతకం పెట్టకముందే." సార్ రాసి కాపీ నా చేతికిచ్చాక లేచి నిలబడ్డాను. మా ఆయన కూడా నా వెంట రాబోయినట్టు కదిలాడు. "మీరుండండి. మిగతాది చెప్పి రండి. నేను నడిచి వెళ్తాను" అన్నాను.

"ఇంటికేనా?" అని అడిగాడు, చిన్నపిల్లాడిలా.

"బాబాయ్ దగ్గరికి" అన్నాను. ఇంటి సంగతి మాత్రం అప్పటికి నాకూ తెలీదు.